ప్రాజెక్ట్‌లో మీ సొంత పని ఎంత? మొదటి నుంచి చివరిదాకా ఒక గైడ్

పోయినేడాది మా టీమ్‌లోకి ఫ్రెషర్స్‌ని తీసుకునేటప్పుడు ఒకే రోజు నలుగురు పిల్లలు ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ ప్రాజెక్ట్ చూపించారు. ఒకే టాపిక్ అయితే అయిందిలే అనుకున్నా, కానీ నాలుగింటిలోనూ లాగిన్ పేజీ మీద అటెండెన్స్ స్పెల్లింగ్ ఒకేలా తప్పుంది. నేనేమీ అనలేదు, అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల "ఐ ట్రిపుల్ ఈ ప్రాజెక్ట్స్" బోర్డుల కింద తిరిగినవాళ్ళమే కదా మనమంతా, ఫైనల్ ఇయర్‌లో డబ్బులు కట్టి సీడీ తెచ్చుకున్న బ్యాచ్ మాది కూడా.

సాయంత్రం ఐదో అబ్బాయి వచ్చాడు. వాడి ప్రాజెక్ట్ చూడ్డానికి అస్సలు బాలేదు, తెల్ల స్క్రీన్, నాలుగు బాక్సులు, ఒక బటన్. ఊళ్ళో వాళ్ళ నాన్న పాల సెంటర్లో పాలు పోస్తాడు, పది రోజులకోసారి బిల్లు వస్తుంది, ఆ బిల్లు సరిగ్గా ఉందో లేదో చెక్ చేసే యాప్. ఇరవై నిమిషాలు అనుకున్న ఇంటర్వ్యూ గంటంపావు నడిచింది, అడిగే కొద్దీ ఏదో ఒకటి చెప్తూనే ఉన్నాడు. ఈ గైడ్‌లో నేను ఆ పాల యాప్‌నే పట్టుకుని వెళ్తా, ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌లో "సొంత పని" ఎక్కడుంటుందో అంతకన్నా క్లియర్‌గా చూపించే ఉదాహరణ నాకు దొరకలేదు. స్టూడెంట్స్‌కే కాదు, రెండు మూడేళ్ళ అనుభవం ఉండి కూడా "నేను చేసేదంతా కాపీ పేస్టే కదా అన్నా" అని బాధపడేవాళ్ళకి కూడా.

స్టెప్ 1: ఏది సొంతంగా రాయకూడదో ముందు తేల్చుకోండి

ఇది రివర్స్‌లా అనిపిస్తుంది కానీ ఇక్కడే మొదలుపెట్టాలి. పాస్‌వర్డ్ హ్యాషింగ్ (పాస్‌వర్డ్‌ని తిరిగి చదవలేని రూపంలో దాచడం), ఎన్‌క్రిప్షన్, టైమ్ జోన్లు, పేమెంట్లు, డేటాబేస్ ఇంజిన్, ఇవి సొంతంగా రాస్తానని కూర్చోవద్దు. వీటిలో తప్పు చేస్తే ఆ తప్పు మీకు కనపడదు, ఎవడో దొంగకి కనపడుతుంది. పాల యాప్‌లో అబ్బాయి డేటా దాచుకోడానికి ఎస్‌క్యూలైట్ వాడాడు, స్క్రీన్లకి ఫ్లట్టర్ వాడాడు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అలాగని ప్రతి చిన్నదానికీ ప్యాకేజీ (వేరేవాళ్ళు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) ఇన్‌స్టాల్ చేసేస్తే కూడా కష్టమే. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ గొడవ గుర్తుందా? స్ట్రింగ్‌కి ఎడమ పక్క ఖాళీలో సున్నాలో చేర్చే 11 లైన్ల కోడ్ అది, రాసినాయన ఎన్‌పీఎమ్‌తో (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలన్నీ ఉండే చోటు) గొడవ వచ్చి తన ప్యాకేజీలన్నీ తీసేస్తే బేబెల్ లాంటి పెద్ద టూల్స్ దాని మీద ఆధారపడి ఉండటంతో ప్రపంచమంతా బిల్డులు పడిపోయాయి. 11 లైన్లు ఎవరైనా టీ చల్లారేలోపు రాసుకోవచ్చు. నేను పెట్టుకున్న రూల్ ఏంటంటే, అరగంటలో రాసి టెస్ట్ చేయగలిగితే నేనే రాస్తా, తప్పు చేస్తే ఇంకొకరికి నష్టం వచ్చేదైతే బాగా నలిగిన లైబ్రరీ తెచ్చుకుంటా, ఈ రెండిటి మధ్యలో ఉన్నవి అప్పటికప్పుడు మూడ్‌ని బట్టి, అబద్ధం ఎందుకు చెప్పాలి.

పెద్దవాళ్ళు కూడా గాల్లోంచి ఏమీ తీయలేదు. లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్ (కోడ్‌లో చేసిన మార్పుల హిస్టరీ దాచే టూల్) మొదలుపెట్టినప్పుడు, ఫైళ్ళని వాటి హ్యాష్‌తో (లోపలున్నదాన్ని బట్టి లెక్కగట్టే గుర్తు) గుర్తుపట్టే ఆలోచన అప్పటికే మోనోటోన్ అనే టూల్‌లో ఉంది. కానీ లైనక్స్ కెర్నల్ లాంటి ప్రాజెక్ట్‌కి ఏం కావాలో, ఏది స్పీడుగా జరగాలో, ఏది వదిలేసినా పర్లేదో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. ఆ తెలిసినతనం ఆయన సొంతం.

స్టెప్ 2: ప్రాబ్లమ్ ఉన్న చోటికి చెప్పులేసుకుని వెళ్ళండి

నా లెక్కలో మొత్తం గైడ్‌లో ఇదే పెద్ద స్టెప్, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నా.

పాల యాప్ మొదటి వెర్షన్‌లో అబ్బాయి మామూలుగా ఆలోచించాడు. బర్రె పాలకి రేటు ఫ్యాట్‌ని బట్టి, కేజీ ఫ్యాట్‌కి ఇంత అని. 750 రూపాయలు అనుకుందాం. నాన్న ఒక పూట 4.6 లీటర్లు పోశాడు, ఫ్యాట్ 6.5 వచ్చింది. 4.6 లో 6.5 శాతం అంటే 0.299, దాన్ని 750 తో గుణిస్తే 224 రూపాయల 25 పైసలు. కోడ్ కూడా అదే చెప్పింది. స్లిప్ తీసి చూస్తే 230.98 అని ఉంది. సెంటర్ వాళ్ళు ఎక్కువ ఇస్తున్నారు! రెండు పూటలా అదే పాలు అనుకుని పది రోజులకి లెక్కేస్తే 134 రూపాయల 60 పైసలు ఎక్కువ. ఎవడైనా తక్కువ ఇస్తాడు గానీ ఎక్కువెందుకు ఇస్తాడు?

వాడు రెండు రోజులు కోడ్‌లో బగ్ వెతుక్కున్నాడట. తర్వాత పొద్దున్నే నాన్నతో పాటు సెంటర్‌కి వెళ్ళి అక్కడ మిషన్ దగ్గర కూర్చునే తాతని అడిగితే ఆయన నవ్వి, "పాలు లీటర్లలో పోస్తావు రా, ఫ్యాట్ కేజీల్లో లెక్క, లీటరు పాలు కేజీ మీద కొంచెం ఎక్కువ తూగుతాయి గదా" అన్నాడట. అదీ సంగతి. పాల సాంద్రత సుమారు 1.03. 4.6 ని 1.03 తో గుణిస్తే 4.738 కేజీలు, అందులో 6.5 శాతం 0.30797 కేజీల ఫ్యాట్, 750 తో గుణిస్తే 230.9775, స్లిప్ మీద 230.98. పైసాతో సహా కుదిరింది.

ఇప్పుడు చెప్పండి, ఈ ప్రాజెక్ట్‌లో సొంత పని ఎక్కడుంది? ఫ్లట్టర్ స్క్రీన్‌లో లేదు. ఒక్క 1.03 లో ఉంది. అది సెంటర్‌కి వెళ్ళి అడిగితే తప్ప దొరకదు. అక్కడే ఇంకో మూడు విషయాలు తెలుసుకున్నాడు వాడు: ఫ్యాట్ రీడింగ్ ఒక్క డెసిమల్ వరకే తీసుకుంటారని, పొద్దున సాయంత్రం ఫ్యాట్ వేరుగా వస్తుంది కాబట్టి పూటకి ఒక ఎంట్రీ ఉండాలని, దాణాకి తీసుకున్న అడ్వాన్స్ బిల్లులోనే కోసేస్తారని. ఈ మూడూ డేటాబేస్ టేబుల్ ఎలా ఉండాలో నిర్ణయించేశాయి.

మీరు చేయాల్సింది కూడా ఇంతే, ఏదో ఒక చోటికి వెళ్ళండి. మెడికల్ షాపు, ఆటో స్టాండ్, అమ్మ వాళ్ళ పొదుపు సంఘం, టైలర్ కొట్టు, ఏదైనా సరే. అక్కడ వాళ్ళు నోట్‌బుక్‌లో ఏం రాసుకుంటారో చూడండి, గీతలు ఎన్ని, ఏ కాలమ్ కొట్టేసి మళ్ళీ రాశారు, ఏది ఎర్ర పెన్నుతో రాశారు. యాప్ పెడతానని చెప్పకండి, "ఈ లెక్క ఎలా చేస్తారు" అని మాత్రం అడగండి. యాప్ అనగానే మనుషులు మర్యాదకి "బాగుంటుంది బాబు" అంటారు, దాంతో మీకు ఉపయోగం లేదు.

స్టెప్ 3: వేరేవాళ్ళ కోడ్ తెరవకముందే కాగితం మీద మీ లెక్క వేయండి

యూట్యూబ్ ట్యుటోరియల్ ముందు చూస్తే వాడి ఫోల్డర్లు, వాడి పేర్లు, వాడి టేబుళ్ళు మీ తలలో దిగబడిపోతాయి, తర్వాత మీరెంత మార్చినా అది వాడి ఇల్లే, మీరు సున్నం వేస్తారంతే. అందుకే ముందు ఒక తెల్ల కాగితం. లోపలికి ఏం వస్తుంది, బయటికి ఏం పోవాలి, చేత్తో వేసిన లెక్కలు కనీసం ఐదు. పాల యాప్‌కైతే పాత స్లిప్పులే ఆ ఐదు లెక్కలు, వాటినే టెస్ట్ కేసులుగా పెట్టాడు.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, డబ్బుల లెక్క చేసే ప్రతివాళ్ళూ అందులో ఒక్కసారైనా పడతారు. పైథాన్‌లో 2.675 ని రెండు డెసిమల్స్‌కి రౌండ్ చేయమనండి, 2.68 రాదు, 2.67 వస్తుంది. ఆ నంబర్ బైనరీలో కచ్చితంగా పట్టదు, లోపల అసలు విలువ 2.675 కన్నా వెంట్రుకవాసి తక్కువ ఉంటుంది, అందుకని కిందకి పోతుంది. ఇది చూసి పైథాన్‌ని తిట్టకండి, ఫ్లోట్ (డెసిమల్ నంబర్లని బైనరీలో దాచే మామూలు టైప్) వాడే ఏ లాంగ్వేజ్‌లో అయినా కింద కథ ఇదే. డబ్బులైతే పైసల్లో ఇంటిజర్లుగా పెట్టుకోండి, లేదా డెసిమల్ టైప్ వాడండి. ఏ స్థాయిలో రౌండ్ చేయాలి, పూటపూటకా లేక పది రోజుల మొత్తానికా అనేది మాత్రం ఏ లైబ్రరీ చెప్పదు, అది సెంటర్ వాళ్ళ స్లిప్ చూసి తేల్చుకోవాలి.

స్టెప్ 4: కాపీ కొట్టాల్సి వస్తే పద్ధతిగా కొట్టండి

అందరం కొడతాం. స్టాక్ ఓవర్‌ఫ్లో (ప్రోగ్రామర్ల ప్రశ్న జవాబుల సైట్) లేకుండా నేను ఒక్క వారం కూడా పని చేయలేదు (ఇప్పుడు ఏఐ వచ్చాక కొంచెం తగ్గింది). ప్రాబ్లమ్ కొట్టడంలో లేదు, చదవకుండా కొట్టడంలో ఉంది.

దీనికి ఒక మంచి కథ ఉంది. 2010లో ఒకాయన స్టాక్ ఓవర్‌ఫ్లోలో జావా కోడ్ చిన్న ముక్క పెట్టాడు, బైట్లని మనుషులు చదివేలా కేబీ, ఎంబీ అని చూపించేది. తర్వాత రిసెర్చ్ చేసినవాళ్ళు చూస్తే అక్కడి నుంచి గిట్‌హబ్‌లోకి (అందరూ కోడ్ పెట్టుకునే సైట్) అన్నిటికన్నా ఎక్కువసార్లు కాపీ అయిన జావా ముక్క అదేనని తేలింది. 2019లో ఆ రాసినాయనే మళ్ళీ తీరిగ్గా చూసుకుంటే అందులో తప్పుంది! 999,999 బైట్లు ఇస్తే "1.0 ఎంబీ" అని రావాల్సింది "1000.0 కేబీ" అని వస్తుంది. దాదాపు తొమ్మిదేళ్ళు అంతమంది తీసుకెళ్ళి పెట్టుకున్నారు, అంచు దగ్గర ఒక్క నంబర్ ఇచ్చి చూసినవాళ్ళు తక్కువ.

కాబట్టి నా పద్ధతి ఇది. తెచ్చిన ముక్కని పేస్ట్ చేయను, పక్కన పెట్టుకుని టైప్ చేస్తా, టైప్ చేసేటప్పుడు అర్థం కాని లైన్ దగ్గర చెయ్యి ఆగుతుంది, ఆగిన చోట అర్థం అయ్యేదాకా ముందుకి పోను. తర్వాత సున్నా, మైనస్, మరీ పెద్దది, సరిగ్గా అంచు మీద ఉండేది, ఇలా నాలుగు నంబర్లు ఇచ్చి చూస్తా. ఆపైన కామెంట్‌లో లింక్ పెడతా. లింక్ మర్యాద కోసం మాత్రమే అనుకోకండి, స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఉన్నదంతా క్రియేటివ్ కామన్స్ బై-ఎస్ఏ లైసెన్స్ కింద ఉంది, పేరు చెప్పి తీరాలి.

ఇంకో మాట, వేరియబుల్ పేర్లు మార్చేస్తే దొరకం అనుకునేవాళ్ళకి. 1994 నుంచి మాస్ అనే టూల్ ఉంది, పేర్లు, స్పేసులు పక్కన పెట్టేసి కోడ్ ఆకారాన్నే పోలుస్తుంది. పేర్లు మార్చడం అంటే దొంగబండికి రంగు వేయడమే, ఛాసిస్ నంబర్ అలాగే ఉంటుంది.

స్టెప్ 5: లైసెన్స్ ఫైల్ తెరిచి చదవండి

ఐదు నిమిషాల పని, ఎవరూ చేయరు. లైసెన్స్ అంటే కోడ్‌ని ఎలా వాడుకోవచ్చో రాసినవాళ్ళు పెట్టే షరతులు. ఎంఐటీ అయితే కాపీరైట్ నోటీస్ ఉంచి దాదాపు ఏదైనా చేసుకోవచ్చు. అపాచీ 2.0 కూడా దగ్గర దగ్గర అంతే, పేటెంట్ల గురించి కొన్ని మాటలు ఎక్కువ. జీపీఎల్ అయితే దాన్ని కలిపి మీ ప్రోగ్రామ్ బయటికి ఇచ్చేటప్పుడు మీ సోర్స్ కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి, ఆఫీసు ప్రాజెక్ట్‌లో పెట్టే ముందు లీగల్ వాళ్ళని అడగండి, మేనేజర్‌ని కాదు. చాలామంది తప్పుగా అర్థం చేసుకునేది ఆఖరిది: గిట్‌హబ్‌లో లైసెన్స్ ఫైలే లేని రిపో (ప్రాజెక్ట్ కోడ్ ఉండే ఫోల్డర్) ఉంటే అది ఫ్రీ అని కాదు, అన్ని హక్కులూ రాసినవాళ్ళ దగ్గరే ఉన్నాయని అర్థం.

మన దేశంలో కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని 1957 కాపీరైట్ చట్టం సాహిత్య రచనగా చూస్తుంది, అంటే మీ పాల యాప్ కోడ్‌కీ ఒక కథల పుస్తకానికీ చట్టం ముందు ఒకటే గది. ఆ గదిలోకి రావాలంటే "ఒరిజినల్" అయి ఉండాలి. ఒరిజినల్ అంటే ఎంత అనేదాని మీద 2007లో మన సుప్రీంకోర్టులో ఒక కేసు తేలింది, సరదాగా అది కూడా సాఫ్ట్‌వేర్ సీడీల గొడవే. కోర్టు తీర్పులని అచ్చు వేసే ఒక పబ్లిషర్, మా మెటీరియల్ ఎత్తి సీడీల్లో పెట్టారని కేసు వేశాడు. తీర్పు మాటలు ఎవరి సొత్తూ కాదు, కష్టపడి టైప్ చేశాం, తప్పులు దిద్దాం అంటే సరిపోదు, కొంచెమైనా సృజన ఉండాలి అంది కోర్టు. కానీ ఆ తీర్పులని పేరాలుగా విడగొట్టి నంబర్లు వేయడం, ఏ జడ్జి ఒప్పుకున్నాడో ఎవరు విభేదించారో గుర్తించడం, ఇలాంటి వాటికి ఆలోచన కావాలి కాబట్టి వాటికి మాత్రం రక్షణ ఇచ్చింది. వందల పేజీల్లో సొంతం అయ్యింది ఆ కాస్త భాగం. నాకు ఇది చదివినప్పుడల్లా 1.03 గుర్తొస్తుంది.

స్టెప్ 6: ఏఐతో రాయించండి, నిర్ణయం మాత్రం దానికి వదలకండి

వాడొద్దని నేను చెప్పను, నేనే వాడతా. కానీ 2021లో గిట్‌హబ్ కోపైలట్ (కోడ్ రాసిపెట్టే ఏఐ) కొత్తగా వచ్చినప్పుడు జరిగింది గుర్తుపెట్టుకోండి, ఫాస్ట్ ఇన్వర్స్ స్క్వేర్ రూట్ ఫంక్షన్ రాయడం మొదలుపెట్టగానే క్వేక్ 3 గేమ్ సోర్స్‌లో ఉన్న కోడ్‌ని కామెంట్లలోని బూతులతో సహా దించేసింది, ఆ సోర్స్ జీపీఎల్ కింద విడుదలైంది. అంటే మీరు కాపీ కొట్టకపోయినా మీ ఫైల్లోకి కాపీ రావచ్చు. పొడుగ్గా, అనుమానంగా పర్ఫెక్ట్‌గా ఉన్న ముక్క వస్తే ఒక లైన్ తీసి వెతకండి.

పాల లెక్క ఏఐని అడగండి ఒకసారి. లీటర్లని ఫ్యాట్ శాతంతో గుణించి నున్నగా కోడ్ ఇచ్చే అవకాశం బాగా ఉంది, టెస్టులు కూడా రాసిస్తుంది, అన్నీ పాస్ అవుతాయి, మీరే పాత స్లిప్ ఇవ్వకపోతే 224.25 రైటో తప్పో దానికి ఎలా తెలుస్తుంది? అందుకే నేను టెస్టులు నా చేత్తో రాసి, కోడ్ దానితో రాయిస్తా. ఉల్టా చేయొద్దు.

స్టెప్ 7: కమిట్లు రోజూ వేయండి, తప్పులతో సహా

కొన్న ప్రాజెక్ట్‌ని పట్టుకోడానికి నాకు రెండు నిమిషాలు చాలు, కమిట్ హిస్టరీ (కోడ్ మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ మెసేజ్‌తో పడే లెక్క) తెరుస్తా. "ఫైనల్ ప్రాజెక్ట్" అని ఒకే ఒక్క కమిట్, నలభై ఫైళ్ళు, అయిపోయింది. పాల యాప్‌లో అరవై పైన ఉన్నాయి, ఒకదానికి మెసేజ్ "స్లిప్‌తో కుదరట్లేదు, ఎందుకో తెలీదు", రెండు రోజుల తర్వాత "1.03!!". ఆ రెండు ఆశ్చర్యార్థకాలు చూసి నాకు సగం నమ్మకం వచ్చేసింది. హిస్టరీని నీట్‌గా దువ్వి ఒకటే కమిట్‌గా చేయకండి, ఇది పెళ్ళి ఫోటో కాదు.

స్టెప్ 8: ఉద్యోగంలో ఉంటే ఏది మీది కాదో తెలుసుకోండి

ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌కి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి కాపీరైట్ ఓనర్ కంపెనీయే, చట్టంలో 17వ సెక్షన్ అదే చెప్తుంది. కాబట్టి ఉద్యోగం మారేటప్పుడు పాత ఆఫీసు రిపోని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని "నేను రాసిందే కదా" అంటే కుదరదు. మీతో వచ్చేది తలలో ఉన్న తెలివి మాత్రమే. సొంత ప్రాజెక్ట్ ఆఫీసు లాప్‌టాప్‌లో చేయకండి, ఆఫర్ లెటర్‌తో ఇచ్చిన అగ్రిమెంట్‌లో ఆ పేజీ చదివి సంతకం పెట్టండి.

మరి పోటీ ప్రోడక్ట్ ఎలా చేస్తారు అంటే, దానికి పాత పద్ధతి ఉంది. 1981లో ఐబీఎమ్ పీసీ వచ్చినప్పుడు దాని బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) కోడ్ మాన్యువల్‌లోనే అచ్చు వేసి ఇచ్చారు, కానీ కాపీ కొడితే కేసే. కాంపాక్ వాళ్ళు, తర్వాత ఫీనిక్స్ వాళ్ళు రెండు టీములు పెట్టారు, ఒక టీమ్ బయోస్ ఏం చేస్తుందో చూసి స్పెసిఫికేషన్ రాస్తుంది, అసలు కోడ్ కంటితో కూడా చూడని ఇంకో టీమ్ ఆ స్పెసిఫికేషన్ మాత్రం చదివి మొదటినుంచి కొత్తగా రాస్తుంది. దీన్నే క్లీన్ రూమ్ అంటారు. గూగుల్, ఒరాకిల్ గొడవ కూడా ఈ బాపతే, ఆండ్రాయిడ్ కోసం గూగుల్ జావా ఏపీఐ డిక్లరేషన్లు (ఏ ఫంక్షన్ పేరేంటి, దానికి ఏం ఇవ్వాలి అని చెప్పే లైన్లు) సుమారు 11,500 లైన్లు ఉన్నవి ఉన్నట్టు తీసుకుంది, లోపలి పని చేసే కోడ్ మాత్రం తనే రాసుకుంది, 2021లో అమెరికా సుప్రీంకోర్టు 6-2తో అది ఫెయిర్ యూజ్ (అనుమతి లేకున్నా చట్టం ఒప్పుకునే వాడకం) అంది. పదేళ్ళ పైన కోర్టుల చుట్టూ తిరిగాక వచ్చిన జవాబు అది, అంత ఓపికా అంత డబ్బూ మనకి లేవు.

స్టెప్ 9: ఒక్క రూల్ మార్చి చూడండి

మీ ప్రాజెక్ట్ మీదో కాదో తెలుసుకోడానికి ఇదే ఆఖరి పరీక్ష, ఇంటర్వ్యూకి ముందు ఇంట్లోనే పెట్టుకోండి. ఫ్రెండ్‌ని పిలిచి "ఒక రూల్ మార్చు" అనమనండి, ఇంటర్నెట్ ఆపేసి, ఏ ఫైల్లో ఎక్కడ మార్చాలో వేలు పెట్టి చూపించగలరా? అటెండెన్స్ ప్రాజెక్ట్ నలుగురిలో ఒకమ్మాయిని "ఆలస్యంగా వస్తే హాఫ్ డే పడాలి, ఎక్కడ మారుస్తావమ్మా" అని అడిగితే ఐదు నిమిషాలు ఫోల్డర్లు తెరిచి మూసి, "సార్ ఆ పార్ట్ మా టీమ్‌మేట్ చేశాడు" అంది. పాపం, తెలివైన పిల్లే, తర్వాత అడిగిన లాజిక్ ప్రశ్నలకి బాగా చెప్పింది, ఆ ప్రాజెక్టే పట్టుకుని మునిగింది.

పాల అబ్బాయిని నేను ఆవు పాలు అడిగా. బర్రె పాలకి ఫ్యాట్ ఒక్కటే చూశావు, ఆవు పాలకి ఫ్యాట్‌తో పాటు ఎస్ఎన్ఎఫ్ (ఫ్యాట్ కాకుండా పాలలో ఉండే మిగతా ఘన పదార్థం) కూడా చూసి రేటు కడతారు కదా, ఇప్పుడు చెయ్యి అన్నా. ఫోన్‌లో చార్ట్ ఫోటో ఉంది సార్ అన్నాడు, సెంటర్ గోడ మీద అంటించిన రేటు చార్ట్, ఎందుకైనా మంచిదని అప్పుడే తీసి పెట్టుకున్నాడట. రేటు కట్టే ఫంక్షన్ ఒక్కటే వేరే ఫైల్లో ఉంది, దాన్ని రెండుగా విడగొట్టి, చార్ట్‌లోంచి నాలుగు గళ్ళు ఎక్కించి నడిపించి చూపించాడు, పన్నెండు నిమిషాలు పట్టింది.

వెళ్ళేటప్పుడు రీడ్‌మీ ఫైల్ తెరిచి చూశా. ఫ్లట్టర్, ఎస్‌క్యూలైట్, ఒక డేట్ పికర్ ప్యాకేజీ, స్టాక్ ఓవర్‌ఫ్లో లింకులు రెండు, ఏది ఎక్కడ నుంచి తెచ్చాడో వరసగా రాసి ఉంది. అన్నిటికన్నా కింద ఒక లైన్: "1.03 సంగతి చెప్పింది పాల సెంటర్ తాత."